మీరు ఎవరి తాలూకు?

సభకు అధ్యక్షత వహిస్తున్న మా లా ఫర్మ్ పెద్దసారుకు, ఆయన పక్కన కూర్చుని చేతి గడియారం వంక చూస్తూ చూడనట్టు నటిస్తున్న మిగతా పార్ట్‌నర్లకు, ఎల్‌జీబీటీ కుటుంబాల సహాయ సంస్థను నడుపుతున్న పెద్దలకు, ముందు వరస మొత్తం ఖాళీగా వదిలేసి రెండో వరస నుంచి ఇరుక్కుని కూర్చున్న తల్లులకు, తండ్రులకు, వాళ్ళ పిల్లలకు, ఆ పిల్లల చెయ్యి వదలకుండా పక్కన కూర్చున్నవాళ్ళకు, టీ కోసం తలుపు దగ్గరే కాపు కాస్తున్న మా ఆఫీసు జూనియర్లకు, ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ పోతే ఆ టీ కాస్తా చల్లారిపోతుంది కాబట్టి, అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

ఇందాక మాట్లాడినవాళ్ళంతా నన్ను తెగ పొగిడారు. ఒకాయన ఓర్పుకు మారుపేరు అన్నారు. (నవ్వులు) చూశారా, నవ్విందంతా మా జూనియర్లే. ఆ మాట అన్నాయన ఒక్కరోజు కూడా నా దగ్గర పనిచేసినవారు కారు. పనిచేసి ఉంటే ఈ సభకే వచ్చేవారు కారు.

ఇంక ఈ కుర్చీ సంగతి. ఇదిగో, రిబ్బన్ కట్టి పెట్టారు కదా, ఇది ఆఫీసువాళ్ళు నాకిచ్చిన కానుక. మీట నొక్కితే వెనక్కి వాలుతుందట, కాళ్ళు కూడా చాపుకోవచ్చట. పెద్దసారు స్వయంగా దుకాణానికి వెళ్ళి కూర్చుని చూసి మరీ ఎంచారట. "ఒక్క మనిషికి సరిగ్గా సరిపోతుంది మేడమ్" అన్నారు ఇందాక నా చెవిలో. అవునండీ, సరిపోతుంది. ఇద్దరు కూర్చునే సోఫా తెచ్చి నా ఇంట్లో చోటు దండగ చేయలేదు. ముందుచూపు ఉన్న మనిషి. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వాను.

(మూడో వరసలోంచి ఒక గొంతు: "ముందు ఏం కావాలో చెప్పమ్మా!" పెద్దగా నవ్వులు, చప్పట్లు)

విన్నారా? ఆవిడే. ఆవిడ కథలోకి తర్వాత వస్తాను, ముందు మా ఆఫీసువాళ్ళకి ఆ నవ్వు ఎందుకో చెప్పాలి, లేకపోతే పెళ్ళివారి మధ్య కూర్చున్న దారినపోయేవాళ్ళలా ఉంటారు పాపం. ప్రతి శనివారం నేను ఈ సంస్థకు వెళ్ళి ఊరికే న్యాయసలహా చెబుతాను. అక్కడ నా బల్ల ముందు కూర్చున్న ఎవరికైనా ఒకటే నియమం. మీ కథ తర్వాత చెప్పండి, ముందు మీకేం కావాలో ఒక్క వాక్యంలో చెప్పండి. దానివల్ల నాకు అక్కడ "వాక్యం మేడమ్" అని పేరు కూడా వచ్చింది. ఇది తొందర కొద్దీ పెట్టిన నియమం కాదు. మొదట్లో వచ్చినవాళ్ళంతా బల్ల ముందు కూర్చోగానే చిన్నప్పటి నుంచి మొదలుపెట్టేవాళ్ళు. తనకు ఎప్పుడు తెలిసింది, ఎందుకిలా ఉన్నాడు, ఎంత ప్రయత్నించినా ఎందుకు మారలేదు, తన తప్పేం లేదని, తను మంచివాడేనని. నేనేదో తీర్పు ఇచ్చే కుర్చీలో కూర్చున్నట్టు చెప్పుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయ్యా, నువ్వు నాకేమీ రుజువు చేయక్కర్లేదు, నీకేం కావాలో చెప్పు, చాలు. అలా అడిగాక కొందరు "నాకా?" అని నన్నే తిరిగి అడిగేవాళ్ళు. అప్పటిదాకా వాళ్ళని ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

ఇప్పుడు ఆవిడ నా మంత్రం నా మీదే ప్రయోగించింది. చెప్తానక్కా. చివర్లో చెప్తాను, ఇవాళ నా రోజు, కాస్త సాగదీసుకోనీ. కానీ విషయం మాత్రం దాచను. విషయమేమిటంటే, వచ్చే శనివారం నుంచి నాకు వెళ్ళడానికి చోటు లేదు. ఆ బల్ల దగ్గర ఉద్యోగంలో ఉన్న లాయరే కూర్చోవాలి, రేపు ఏదైనా తేడా వస్తే ఆఫీసు జవాబుదారీగా ఉండాలి కాబట్టి. మంచి నియమమే. రాసింది నేనే. (నవ్వులు) ఇవాళ్టితో నేను ఆఫీసు మనిషిని కాను, అంటే ఆ బల్ల మనిషిని కూడా కాను. ఆ కుర్చీలోకి మా జూనియర్ అమ్మాయి వస్తుంది. లేచి నిలబడమ్మా ఒకసారి. చాలు, కూర్చో, మరీ అంతసేపు అక్కర్లేదు.

అసలు నేను అక్కడికి ఎలా వెళ్ళానంటే, పెద్దసారు పంపిస్తే వెళ్ళాను. అప్పట్లో ఈయనకి తల నల్లగా ఉండేది, దువ్వుకోవడానికి జుట్టు కూడా ఉండేది. (నవ్వులు) ఆ సంస్థవాళ్ళు ఒక లాయరుని ఇవ్వండని అడిగితే, ఈయన ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఒకాయనకి శనివారం పిల్లల ఆటలపోటీలు, ఇంకొకాయనకి అత్తగారింటికి వెళ్ళే రోజు, ఇంకొకాయన నిజం చెప్పాడు, నలుగురూ ఏమనుకుంటారోనని భయం అన్నాడు. ఆఖరికి నన్ను పిలిచి, "మీరైతే ఇబ్బంది లేదు కదండీ, మీకు శనివారం ఇంట్లో పనేమీ ఉండదు కదా" అన్నారు.

సార్, అలా కిందికి చూడకండి. మీరు చెడ్డ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు, అబద్ధం అంతకన్నా కాదు. కానీ ఆ మాట నాకు చురుక్కున గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ నేను గొప్ప సేవ చేశానని ఇందాక అందరూ అన్నారే, అది సేవ అని మొదలవలేదు, మన ఆఫీసు మొత్తంలో శనివారం నాడు ఎవరికీ అక్కర్లేని మనిషి ఎవరా అని వెతికితే నేను దొరికాను.

సరే, వెళ్ళాను. కింద లాండ్రీ, దాని పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన రెండు గదులు, మధ్యలో ప్లైవుడ్ గోడ. ఎండైనా వానైనా ఆ మెట్ల మీద ఇస్త్రీ ఆవిరి వాసనే. మొదటి శనివారమే నేనొక ఘనకార్యం చేశాను, అది ఈ హాల్లో సగంమందికి కంఠతా వచ్చు. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె సిటీ బస్సు డ్రైవరు, ఇంకొకామె నర్సు. డ్రైవరు చంకలో ఆవిడ కన్న పాప. ఇద్దరూ కలిసి పెంచుకుంటున్నారు. వాళ్ళ వెనకే ఒక పెద్దావిడ, చేతిలో సగం కుట్టిన జాకెట్టుతో. నర్సుకి తల్లి, వృత్తి టైలరింగు. మాకు కోర్టుల్లో అలవాటైన సూత్రం ఒకటుంది, ఒక గదిలో ఒకే పక్షం ఉండాలి. ఇలాంటి విషయాల్లో తల్లీ తండ్రీ వచ్చారంటే ఆపడానికే వస్తారని నా అనుభవం. అందుకని నేను ఆవిడని ఎగాదిగా చూసి, "ఎదుటి పక్షంవారు బయట కూర్చోవాలండీ" అని తలుపు చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు. సూది నోట్లో ఉంది, ఎలా అంటుంది? (నవ్వులు) వెళ్ళి మెట్ల మీద కూర్చుని జాకెట్టు కుట్టుకుంది.

పని అంతా అయ్యాక నర్సమ్మాయి నెమ్మదిగా, "ఇప్పుడు అమ్మని పిలవచ్చాండీ? ఊరికే చెప్పే లాయరు వచ్చారని కనుక్కుని, మేం రామని మొండికేస్తే, మమ్మల్ని ఇద్దర్నీ లాక్కొచ్చింది తనే" అంది. నేను మెట్ల దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి అక్కడ ఆవిడ ఒక్కతే లేదు. ఇంకో అబ్బాయి తండ్రి, ఇంకెవరి పిన్నో, ఆ పొద్దుట్నుంచీ నేను అదే ధోరణిలో బయటికి తోలేసినవాళ్ళంతా ఒకరి కింది మెట్టు మీద ఒకరు కూర్చుని, ఈవిడ వాళ్ళ చొక్కా గుండీలు కుడుతుంటే, ఒకరి పిల్లల గురించి ఒకరు చెప్పుకుంటున్నారు. ఆ తండ్రైతే తన కొడుకు గురించి పరాయి మనిషి ముందు పెదవి విప్పడం అదే మొదటిసారట. నేను క్షమించమంటే ఆవిడ, "మంచి పనే చేశావులే లాయరమ్మా, లోపల కూర్చుంటే నీ మాటలు వినాల్సొచ్చేది" అంది.

ఆ మెట్ల గుంపే తర్వాత పక్కగదిలోకి మారింది. గదిలో మెట్లు లేకపోయినా దాని పేరు మెట్ల గది, ఆవిడ పేరు మెట్లక్క. ఇందాక అరిచిందే, ఆవిడ. ఇన్ని కుటుంబాలు గుండె బరువు దించుకున్న ఆ గది నా బుద్ధితక్కువ వల్ల పుట్టింది. (చప్పట్లు) దీనికి చప్పట్లు కొట్టకండి, అలవాటవుతుంది.

ఆ గదికి మెట్లక్క పెట్టిన నియమం ఒకటుంది. తలుపు దగ్గర ఒకరు కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళనీ "మీరు ఎవరి తాలూకు?" అని అడుగుతారు. ఊరికే తొంగిచూసి పోయి నలుగురికీ చెప్పుకునే రకాలు కొందరు వచ్చారు మరి, వాళ్ళని ఆపడానికి. వచ్చినవాళ్ళు చెబుతారు, ఫలానా అబ్బాయి తాలూకు అని, ఫలానా అమ్మాయికి అన్నని అని. ఒకామె అందట, "మా తమ్ముడు ఇంకా నాతో చెప్పలేదండీ, నాకు తెలుసని వాడికి తెలీదు, కానీ వాడి తాలూకే" అని. ఆమెని లోపలికి రానిచ్చారు. ఎవరో ఒకరి తాలూకు అయితే చాలు.

లాయరు మాత్రం ఆ గదిలోకి వెళ్ళకూడదు. ఇది నేను పెట్టిన నియమం. అక్కడ తండ్రి కోపంతో అన్న మాట నా చెవిన పడితే, రేపు కోర్టులో ఆ తండ్రీకొడుకులకే గొడవ వస్తే, నేనెటు నిలబడాలి? అందుకని ఇన్నేళ్ళూ ఆ ప్లైవుడ్ గోడకి ఇటు నేను, అటు వాళ్ళు. ప్లైవుడ్డు ఎంత ఆపుతుంది చెప్పండి? మాటలు ఆపేది గానీ నవ్వులు ఆపేది కాదు. నేనిక్కడ వీలునామాలు రాస్తుంటే అక్కడ గొల్లుమని నవ్వు. ఏమన్నారో తెలీదు, ఎవరన్నారో తెలీదు. ఇటు ఒక్కదాన్నే నవ్వేదాన్ని. ఎదురుగా కూర్చున్న మనిషి, తన చావు తర్వాత ఆస్తి ఎవరికి పోవాలో చెబుతున్న మనిషి, నా వంక అనుమానంగా చూసేవాడు. (నవ్వులు)

ఆ డ్రైవరు నాకు చెప్పిన వాక్యం చెప్పాలి మీకు. నియమం పెట్టాక, వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చినప్పుడు, నాకు దొరికిన మొదటి వాక్యం అదే. "నాకేమన్నా అయితే పాప దీని దగ్గరే ఉండాలి." అంతే. దానికి తగ్గట్టు పక్కాగా కాగితాలు రాశాం, నర్సుని సంరక్షకురాలిగా పెట్టి. తర్వాత కొన్నేళ్ళకి ఆ పిల్ల, అంటే డ్రైవరు, జబ్బుపడింది. ఎంత గట్టి మనిషి, నిండు బస్సుని ఒక్క చేత్తో తిప్పే మనిషి. పోయింది.

(విరామం)

పోయాక, అంతవరకూ గుమ్మం తొక్కని ఆమె అన్నదమ్ములు వచ్చి, పాప మా రక్తం, మాకివ్వండి అన్నారు. కోర్టుకి వెళ్ళాం. జడ్జిగారు నర్సుని అడగాల్సినవన్నీ అడిగి, మెట్లక్కని పిలిచి, "ఈ పాప మీకు ఏమవుతుంది?" అన్నారు. నేను ఆవిడకి ఏం చెప్పాలో ముందే నేర్పాను, చట్టప్రకారం ఏ మాట వాడాలో రెండుసార్లు చెప్పించాను కూడా. ఆవిడ అదంతా గాలికొదిలేసి, "మనవరాలండీ" అంది. "మీ కూతురు కనలేదు కదమ్మా" అన్నారు ఆయన. "కనలేదండీ, పెంచింది. నేను కనీ పెంచీ రెండూ చేసినదాన్ని, నా మాట నమ్మండి, కనడం ఒక్కరోజు పని" అంది. నేను తల పట్టుకున్నాను. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, కాగితాలు ఒకసారి చూసి, పాపని నర్సు దగ్గరే ఉంచారు. కాగితాలు గెలిచాయని నేను ఆఫీసులో చెప్పుకున్నాను. నిజానికి ఏది గెలిచిందో నాకిప్పటికీ తెలీదు.

మా వృత్తిలో ఒక చిత్రముంది. పని బాగా చేస్తే మనిషి మళ్ళీ రాడు. కేసు గెలిచాక వాళ్ళకి నాతో పనేముంది? దండం పెట్టి, కళ్ళు తుడుచుకుని, పక్కగదిలోకి వెళ్ళిపోతారు. ఆ పాప కూడా అంతే. ఆ తర్వాత నేను ఆ పిల్లని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. గోడ అవతల ఏడ్చేది. తర్వాత ఎక్కాలు చదివేది. ఏడో ఎక్కంలో ఒకచోట ఎప్పుడూ తప్పేది, నేనిటు నుంచి పెన్ను పట్టుకుని కూర్చుని, ఈసారైనా సరిగ్గా చెబుతుందా అని చూసేదాన్ని. తర్వాత పాడేది. తర్వాత వాళ్ళ నర్సమ్మతో పోట్లాడేది, ఆ వయసులో అందరూ పోట్లాడినట్టే. తర్వాత గొంతు నిలకడగా, పెద్దమనిషి గొంతులా అయింది. ఇందాక మైకు పట్టుకుని నన్ను వేదిక మీదికి పిలిచిందే, ఆ అమ్మాయి. గోడ అడ్డం లేకుండా ఆ గొంతు నా పేరు పలకగా వినడం నాకిదే మొదటిసారి. అందుకే లేవడానికి అంతసేపు పట్టింది, మోకాళ్ళ నొప్పి అని మీరంతా అనుకున్నారు. మోకాళ్ళ నొప్పి కూడా ఉందనుకోండి.

ఇంకో ముచ్చట. ఆడది, పెళ్ళి చేసుకోలేదు, శనివారాలన్నీ అక్కడే గడుపుతుంది, అనేసరికి మా ఆఫీసులో భోజనాల దగ్గర ఒక మాట పుట్టింది, "మేడమ్ కూడా వాళ్ళలో ఒకరేనేమో" అని. పుట్టదా మరి? పోనీ సంస్థలో చూద్దామా, వాళ్ళదీ అదే అనుమానం. కాకపోతే వాళ్ళు చాటున అనుకోలేదు, ప్రేమగా కాచుకున్నారు. నిర్వాహకురాలు ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి, తొందరేం లేదు, మేమంతా ఉన్నాం" అంది. ఎంత ఆప్యాయంగా అందంటే, ఆవిడని నిరాశపరచడం ఇష్టంలేక ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకున్నాను. (నవ్వులు) ఇవాళ చెప్తున్నాను, వినండి. చెప్పడానికి ఏమీ లేదు. మంచాన పడ్డ అమ్మకి చాకిరీ చేశాను, అమ్మ వెళ్ళిపోయింది, ఈలోపు కొందరికి పెళ్ళి కుదిరింది, నాకు కుదరలేదు. నా మనసులో దాచుకున్న మనిషంటూ ఆడా లేదు, మగా లేడు. ఏడుస్తూ కూర్చున్నానని కూడా అనుకోకండి. కాకపోతే ఒక్కదానికి వండుకుంటే ఉప్పు ఎంత వెయ్యాలో మాత్రం నాకు ఈనాటికీ చేతకాలేదు, ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

మాస్టారూ, ఎక్కడున్నారు? ఆ స్తంభం చాటున దాక్కుంటే కనపడరనుకున్నారా? ఈయన రిటైరైన హెడ్మాస్టారు. నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళలో ఈయన వాక్యం నేను మరిచిపోలేను. నిటారుగా కూర్చుని, "మా అబ్బాయి నాతో మాట్లాడటం లేదు. ఏ సెక్షన్ కింద మాట్లాడించవచ్చు?" అన్నారు. హాస్యానికి అనలేదు. జేబులోంచి పెన్ను తీసి, సెక్షన్ నంబరు రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. కొడుకు తన స్నేహితుడి గురించి చెప్పిన రోజు ఈయన ఏదో అన్నారట, ఆ కుర్రాడు ఇల్లు వదిలి పోయాడు. నేనన్నాను, "మాస్టారూ, దానికి సెక్షన్ లేదు. పక్కగదిలోకి వెళ్ళండి. ఎవరి తాలూకు అంటే మీ అబ్బాయి పేరు చెప్పండి" అని. ఈయన వెళ్ళారు. వెళుతూనే ఉన్నారు. ఇప్పుడు కొడుకు ఫోన్ చేస్తాడట, ఎక్కువ మాట్లాడడట గానీ చేస్తాడట. ఇప్పుడా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఆ ప్రశ్న అడిగేది ఈయనే. బళ్ళో ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఆపినట్టే ఆపుతారు.

పోయిన నెల, రిటైర్మెంటు తారీఖు ఖాయమయ్యాక, ఒక శనివారం నా పని త్వరగా అయిపోయింది. గోడ అవతల మెట్లక్క నవ్వు వినిపించింది. ఆవిడ నవ్వితే కింద లాండ్రీలో చొక్కాలు కూడా వింటాయి. నాకు ఏమనిపించిందో తెలీదు, లేచాను, నా గదిలోంచి బయటికొచ్చి, ఆ రెండో తలుపు దగ్గర నిలబడ్డాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. మాస్టారు గౌరవంగా లేచి నిలబడ్డారు, నవ్వారు, "రూల్ అందరికీ ఒకటే మేడమ్. మీరు ఎవరి తాలూకు?" అన్నారు.

సరదాకే అన్నారు. నేనూ సరదాగా ఏదో ఒకటి అనేసి లోపలికి వెళ్ళిపోవచ్చు. కోర్టులో జడ్జి నోట్లోంచి ప్రశ్న పూర్తిగా రాకముందే జవాబు చెప్పే మనిషిని నేను. పేరు కోసం వెతుక్కున్నాను. అమ్మ పోయింది. అన్నదమ్ములు లేరు. మొగుడూ పిల్లలూ లేరు. ఫలానావారి తాలూకు అని చెప్పడానికి ఒక్క పేరు దొరకలేదు నాకు, అబద్ధానికైనా దొరకలేదు. చివరికి, "ఏం లేదు మాస్టారూ, నా గొడుగు ఇక్కడ మర్చిపోయానేమోనని చూస్తున్నా" అన్నాను. అనేసి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాను.

బయట ఎండ పేలిపోతోంది. పైగా నేను ఆ గదిలో అడుగే పెట్టనిదాన్ని, గొడుగు ఎలా మర్చిపోతాను? కానీ మాస్టారు నమ్మారు. గదంతా వెతికించారట. తర్వాతి శనివారం నా బల్ల దగ్గరికొచ్చి, "బీరువా వెనక కూడా చూశాం మేడమ్, దొరకలేదు" అన్నారు, తప్పంతా తనదైనట్టు. ఇందాక అందరితోపాటు ఆయనా వచ్చి నాకొక కానుక ఇచ్చారు, కాగితం చుట్టి. పొడుగ్గా ఉంది. ఒక చివర వంకీ తిరిగి ఉంది. (నవ్వులు) విప్పక్కర్లేదు, తెలుస్తూనే ఉంది. మాస్టారూ, గొడుగు పోలేదు. అసలు లేదు. మీరడిగిన ప్రశ్నకి జవాబు లేక అలా అన్నాను.

(విరామం)

అయ్యో, ఇప్పుడు మీరంతా అంత నిశ్శబ్దంగా కూర్చుంటే నేనెలా మాట్లాడను?

నా వారం ఎలా ఉంటుందో చెబుతాను, విసుక్కోకండి. శనివారం మధ్యాహ్నం నేను సంస్థ మెట్లు దిగుతూ లాండ్రీ ఆయనకి వస్తానని చెబుతాను. ఆ తర్వాత ఆదివారమంతా మాట్లాడటానికి మనిషి ఉండదు. సోమవారం పొద్దున ఆఫీసు లిఫ్టులో ఎవరికో గుడ్‌మార్నింగ్ చెప్పబోతే గొంతు జీరపోయి రాదు, ఒకసారి దగ్గి సరిచేసుకోవాలి. జలుబు చేసిందా మేడమ్ అని అడుగుతారు. జలుబు కాదర్రా, వాడక లేక. ఇన్నాళ్ళూ ఆదివారానికి అటు శనివారం, ఇటు సోమవారం కాపలా ఉండేవి. ఇప్పుడు రెండూ పోయాయి. ఇక అన్నీ ఆదివారాలే. నాకు భయంగా ఉంది. ఈ మాట మైకులో చెప్పాలనుకోలేదు, వచ్చేసింది.

జూనియరమ్మాయీ, నీకు రెండు మాటలు. ఆ బల్లకి ఎదురుగా కుర్చీలు పక్కపక్కనే వెయ్యి. జంటగా వచ్చినవాళ్ళని విడదీసి కూర్చోబెట్టకు, బయట అందరూ చేసేది అదే. పెద్దవాళ్ళు వెంటవస్తే ఎదుటి పక్షమని నాలా తొందరపడకు, ముందు అడుగు. వాళ్ళు ఎవరని అడగొద్దు, ఏం కావాలని అడుగు. చెప్పలేకపోతే ఆగు. గోడ అవతల నవ్వు వినిపిస్తే నువ్వూ నవ్వు, ఏమీ అనుకోరు. నీకు శనివారం ఇంట్లో ఎవరైనా ఎదురుచూసేవాళ్ళుంటే మటుకు త్వరగా వెళ్ళు, పని ఎప్పుడూ ఉంటుంది.

పెద్దసారూ, మీకు కృతజ్ఞతలు. మీరారోజు అన్న మాట నన్ను నొప్పించింది గానీ, ఆ మాట అనకపోతే నాకిన్ని శనివారాలు ఉండేవి కావు. సంస్థవాళ్ళకి, మీరు నన్ను ఏమీ అడగకుండా ప్రేమించారు, దానికి. లాండ్రీ ఆయన రాలేదు, ఆయనకీ. నర్సమ్మా, నీకు, ఇక్కడ లేని ఆ డ్రైవరు పిల్లకి. ఆ పిల్ల చెప్పినంత సూటిగా వాక్యం చెప్పినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

(మూడో వరసలోంచి మళ్ళీ: "కథ బానే ఉంది. ఏం కావాలో చెప్పమ్మా!")

వస్తున్నానక్కా, వస్తున్నా. ఇంతమంది చేత చెప్పించాను, చెప్పలేక వాళ్ళు చెమటలు కక్కుతుంటే చూస్తూ కూర్చున్నాను, ఎంత కష్టమో ఇవాళ తెలుస్తోంది.

నాకు మెట్ల గదిలో కూర్చోవాలని ఉంది.

అంతే. ఒక్క వాక్యం. నేనిప్పుడు లాయరుని కాను, కాబట్టి నా నియమం అడ్డం రాదు. మెట్లక్క నియమమే అడ్డం. ఎవరి తాలూకు అంటే నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

("దీనికింతసేపా? శనివారం పొద్దున్నే వచ్చి మెట్ల మీద కూర్చో. నన్ను కూర్చోబెట్టావే, అక్కడే. ఎవరో ఒకరు వచ్చి నీ పక్కన కూర్చుంటారు." నవ్వులు. చాలాసేపు చప్పట్లు)

విన్నారా తీర్పు? లోపలికి రమ్మనలేదు చూడండి. మెట్ల మీద కూర్చోమంది. ఎంతకాలం దాచుకుందో ఈ మాట! న్యాయమే. అందరూ అక్కడి నుంచే మొదలుపెట్టారు, నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. అప్పీలుకి వెళ్ళను.

పెద్దసారూ, ఈ కుర్చీ ఆ ఇరుకు మెట్లెక్కదు, అలా ఇంటికే పంపించండి, ఆదివారాలకి పనికొస్తుంది. శనివారం నేను మలుపు దగ్గర మెట్టు మీద ఉంటాను. ఎవరైనా పైకి వెళుతూనో కిందికి వస్తూనో కాస్త ఆగితే జరుగుతాను, ఇద్దరికి చోటుంటుంది. మాస్టారూ, మీరిచ్చిన గొడుగు తెచ్చుకుంటాను. మీరెప్పుడైనా లోపలికి రానిస్తే, ఈసారి నిజంగానే అక్కడ మర్చిపోతాను. దానికోసం మళ్ళీ రావాలి కదా.

టీ చల్లారిపోతోంది. సెలవు.